కోడలి బేజారు

పొయ్యి మీద ఉప్మా మాడుతోంది. గరిటె చేత్తో పట్టుకుని ఆశ కిటికీలోంచి ఎటో చూస్తోంది. సత్యభామ గబగబా వచ్చి స్టవ్ కట్టేసింది.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బేజారుగా ఉండాది అత్తమ్మా," అంది కోడలు, మొహం తిప్పకుండానే.

అదిగో, మళ్లీ అదే మాట. తెనాలి నుంచి బెంగళూరు కుందలహళ్ళిలోని కొడుకు ఫ్లాటుకు వచ్చిన దగ్గర్నుంచీ సత్యభామ రోజూ వింటోంది. తెనాలిలో బేజారెత్తిందంటే విసుగు పుట్టిందనే. మరి ఈ ఇంట్లో విసుగు పుట్టించేదెవరు? కొడుకు పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తాడు. మిగిలింది తనే. ఫిట్స్ ఉన్న పిల్ల కదా అని ఇన్నాళ్లూ మాట మింగింది. డాక్టరు మందు మార్చాక ఫిట్స్ మళ్లీ రాలేదు. ఒళ్లు కుదుటపడగానే అత్త బరువైంది కాబోలు.

సత్యభామ కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది. ఉతికిన బట్టలే మళ్లీ మడతపెట్టింది. చివరికి అవన్నీ బ్యాగులో కుక్కేసింది.

"నేను ఊరెళ్లిపోతాన్రా."

ఆఫీసుకు బయల్దేరుతున్న లలిత్ ఆగిపోయాడు. "ఇప్పుడేమైందమ్మా?"

"నీ పెళ్లానికి నేనంటే బేజారట. రోజూ మొహం మీదే చెబుతోంది. నాకేం చెవుడా?"

ఆశ గుమ్మం పట్టుకుని నిలబడింది. "మీ మీద కాదు అత్తమ్మా."

"మరెవరి మీద?"

"ఎవరి మీదా కాదు. మా బెంగళూరులో బేజారంటే దుఃఖం. ఊరికే ఏడుపొస్తాది. పొద్దున లేయాలంటే భయమైతాది. ఈ బతుకెందుకు అనిపిస్తా ఉండాది. మీకు రోజూ చెప్తానే ఉండాను కదా."

సత్యభామ చేతిలోని బ్యాగు జారిపోయింది. నిజమే, రోజూ చెప్పింది. తనొక్కదానికే చెప్పింది. తనేమో కోపంతో వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసుకుంటూ తిరిగింది.

"ఎప్పట్నుంచమ్మా ఇది?"

"కొత్త మాత్ర మొదలుపెట్టినప్పట్నుంచి. ఫిట్స్ పోయినాయని అందరూ సంతోషంగా ఉండారు. ఇంక ఇది ఎట్ల చెప్పేది?"

లలిత్ డాక్టరుకు ఫోను చేశాడు. కొందరికి ఆ మందు మనసును అలా కుంగదీస్తుందని, మార్చే వీలుందని ఆయన చెప్పాడు. మాత్రను సొంతంగా ఆపొద్దని, ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే తీసుకురమ్మని అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఏమిటి ఇబ్బంది అని అడిగాడు. ఆశ తల వంచుకుంది. సత్యభామ ఆమె చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"మా అమ్మాయికి బేజారుగా ఉండాదండీ," అంది.