తూమును పట్టిన మకరం

పూర్వం కనకగిరి రాజ్యంలో ఒక పెద్ద ఆనకట్ట, దాని వెనుక సముద్రంలాంటి చెరువు, చెరువు ఒడ్డున రెల్లుపాడు అనే చిన్న ఊరు ఉండేవి. ఒక ఏడు ఆ చెరువులోకి మాయామకరం ఒకటి చేరి తూముకు అడ్డంగా పడుకుంది. దిగువన పొలాలు బీటలు వారాయి. మకరాన్ని తొలగించినవారికి ఆ సీమనే ఇస్తానని రాజు చాటించాడు.

రాజు కూతురు చిత్రరేఖ, ఆమె తమ్ముడు కేతువర్మ బయలుదేరారు. అడవిలో ఒక రాక్షసుడు అడ్డగిస్తే బాణంతో వాడి గద విరగ్గొట్టింది చిత్రరేఖే. ఆపైన ముళ్లకోటను నరికి దారి చేసిందీ ఆమే. అయినా కొండమీది ముని కేతువర్మ తల నిమిరి, "నీది వీరలక్షణం నాయనా!" అంటూ నీటిలో ఊపిరాడించే వేరును అతనికే ఇచ్చాడు. చిత్రరేఖకు ఒళ్లు మండిపోయింది.

రెల్లుపాడులో జాలరులు పడవలకు తోరణాలు కట్టి ఎదురొచ్చారు.

"మా చినబాబు ఎంత చక్కగా ఉన్నాడే!" అంటూ ఆడవాళ్లు కేతువర్మ చుట్టూ మూగారు. ఒక ముసలమ్మ చిత్రరేఖను దాసి అనుకుని అతని చెప్పులు ఆమె చేతికిచ్చి, "కాస్త పట్టుకో తల్లీ" అంది.

కేతువర్మ వేరు నమిలి చెరువులోకి దూకాడు. కాసేపటికి నీళ్లు సుళ్లు తిరిగాయి. మకరం తోకతో తూమును పట్టుకునే, అతన్ని నోట కరచుకుని తల పైకెత్తింది. గొంతులోంచే మాట్లాడింది.

"రాజకుమారీ! నీ మనసు నాకు తెలుసు. వీణ్ణి నాకు వదిలెయ్. తూము నేనే విడిచిపోతాను. గెలుపు నీది, సీమ నీది."

చిత్రరేఖకు ఆ మాట తియ్యగా తోచింది. అలా తోచినందుకు ఆమెకే సిగ్గేసింది.

"వాడంటే నాకు కడుపుమంటే!" అని అరిచింది. "అది మా ఇంటి గొడవ. మధ్యలో నీకేం పని?"

ఆనకట్ట మీదనుంచి దూకి మకరం దవడల మధ్య విల్లును నిలువుగా గుచ్చింది. నోరు తెరుచుకోగానే తమ్ముణ్ణి జుట్టు పట్టుకుని గట్టుకు ఈడ్చింది. మకరం గిలగిల కొట్టుకుంది. తూము మీద పట్టు తప్పగానే దాని మాయ కరిగి, బల్లి అంతై నీళ్లతో కొట్టుకుపోయింది.

"ఇంత గట్టిగా లాగాలా అక్కా?" అన్నాడు కేతువర్మ దగ్గుతూ.

"మళ్లీ ఇలాంటి అవకాశం దొరకదు కదరా" అంది చిత్రరేఖ.

పొలాలు తడిశాయి. రాజు ఆ సీమకు ఆమెనే రాణిని చేశాడు. కేతువర్మ సెలవు అడిగితే ఆమె ఒప్పుకోలేదు.

"ఇక్కడే మంత్రిగా ఉండు. కంటికి దూరమైతే ఎవరెవరి చేత పొగిడించుకుంటున్నావోనని నాకు నిద్రపట్టదు."

అతను పకపక నవ్వి ఉండిపోయాడు. వాళ్ల ఏలుబడిలో దిగువ సీమ ఏటా రెండు పంటలు పండింది.