మూడు వెంట్రుకల ముద్ర

దొరసాని అన్నాక ముందూ వెనకా నలుగురు మనుషులతో రావాలి. ఎత్నా దొరసాని మాత్రం ఒంటరిగా, మోకాళ్ళ దాకా బురదతో, పొద్దున్నే వచ్చి బ్రైస్ ఇంటి తలుపు బాదింది. ఆయన సహాయకుడు మాల్డునీ ఓట్స్ జావ గిన్నె ఆమె ముందు పెట్టాడు. ఆమె దాని వంక చూడను కూడా లేదు.

“మా అబ్బాయిని ఎల్లుండి ఉరితీస్తారట అయ్యా” అంది.

బ్రైస్ ఒకప్పుడు పాత రాజుగారి సభలో న్యాయం చెప్పినవాడు. రాజు గుర్రంతో సహా కొండ మీంచి పడి చనిపోయాడు. వారసురాలైన పసి మనవరాలు ఓడ ప్రయాణంలో కన్నుమూసింది. ఆ తరవాత గద్దె నాదంటే నాదని పదమూడు మంది బయల్దేరారు. సభ మూతపడ్డాక బ్రైస్ పెర్త్ పట్టణంలో కూర్చుని, అడిగినవాళ్ళ చిక్కుముళ్ళు విప్పుతున్నాడు. అదే సభలో పత్రాలు రాసే రాయసగాడిగా ఉన్న మాల్డునీ ఆయన్ని వదిలిపెట్టలేదు. ఆయనంత తెలివైన మనిషి టే నదికి అటూ ఇటూ లేడని అతని నమ్మకం. పాత రోజులు తలుచుకోవడమంటే అతనికి తిండికన్నా ఇష్టం.

“మీరు ఎర్రగడ్డం కోల్బన్ దొరగారి ఇల్లాలు కదూ!” అన్నాడు మాల్డునీ. “కోతల పండగకి రాజుగారి పక్కన కూర్చుని ఎంత నవ్వించేవారమ్మా ఆయన!”

దొరసాని మొహం ఒక్క క్షణం వెలిగింది. “ఎప్పటి మాట బాబూ అది! మా ఫెర్టెత్ పుట్టిన ఏడు జ్వరంతో మంచాన పడి లేచేసరికి ఆ గడ్డం పాలలా తెల్లబడిపోయింది. పద్దెనిమిదేళ్ళయింది.”

అసలు సంగతి అప్పుడు చెప్పింది. గద్దె కోసం పోటీ పడుతున్నవాళ్ళలో దక్షిణాది వారసుడికి కోల్బన్ మాటిచ్చాడు. ఆ మాటకి పూచీగా కొడుకు ఫెర్టెత్‌ని వాళ్ళ దగ్గర ఉంచాడు. చలికాలంలో కోల్బన్ పోయాడు. మొన్న కోటలోని గుడి సర్దుతుంటే పంపని ఉత్తరం ఒకటి దొరికింది. నా బలగమంతా నీదేనంటూ పోయిన కోతల కాలంలో పడమటి వారసుడికి కోల్బన్ రాసినట్టు అందులో ఉంది. అది నిజమైతే తండ్రి మాట తప్పినట్టు, పూచీ ఉన్న కొడుకు చచ్చినట్టు.

“ముద్ర ఎవరిది?” అన్నాడు బ్రైస్.

“ఆయనదే. అదే కదా నా ఖర్మ! పూడ్చేముందే ముద్ర అచ్చుని అందరి ఎదటా సుత్తితో పగలగొట్టాం. ఇప్పుడు కొత్తగా ఒత్తే దారి లేదు. పైగా మైనంలో వెంట్రుకలున్నాయి.”

అది ఆ వంశం ఆచారం. దొర ముద్ర వేసే ప్రతిసారీ గడ్డంలోంచి మూడు వెంట్రుకలు పీకించి వేడి మైనంలో పెట్టి ఒత్తుతాడు. గడ్డం మీద ఒట్టు వేసినట్టన్నమాట.

మధ్యాహ్నానికి ముగ్గురూ కోట చేరారు. ఉత్తరం దొరికింది గుడి పూజారి నెస్ చేతికి. బ్రైస్ దాన్ని వెలుతురులోకి పట్టుకెళ్ళాడు. కింద తోలు పట్టీకి వేలాడే ముద్ర ముదురు గోధుమరంగు మైనం. అంచున వెంట్రుక కొస ఒకటి పొగచూరి మసిరంగులో పొడుచుకొచ్చింది. ముద్ర వెనక మాత్రం సన్నని అతుకు గీత కనిపించింది.

“మైనం ఎండితే అలా పగుళ్ళిస్తుందిలెండి” అన్నాడు నెస్.

“దొరగారి ఉత్తరాలు రాసేది మీరేగా, ఫాదర్?”

“పదిహేనేళ్ళుగా. ఇది మాత్రం నా రాత కాదు. గడ్డంలో వెంట్రుకలు పీకేదీ నేనే. ‘ఉన్న నాలుగూ ఊడబెరకవయ్యా’ అని నన్ను తిట్టని రోజు లేదు.” నెస్ నవ్వబోయి ముక్కు తుడుచుకున్నాడు.

“ఆయన ముద్ర ఉన్న పత్రాలు ఇంట్లో ఇంకేమన్నా ఉన్నాయా?”

“నా పెళ్ళినాటి పత్రం” అంది దొరసాని. “ఏటి అవతలి ఇల్లూ, ఆపిల్ తోటా నాకు రాసిచ్చారు. ఇరవై ఆరేళ్ళయింది. పైగదిలో పెట్టెలో ఉంటుంది. తాళంచెవి గుడిలో మేకుకి వేలాడుతుంది. మా మరిది వచ్చాక ఆ గది ఆయనకిచ్చాను.”

పెట్టె తెరిచారు. పత్రం ఉంది, కింద తోలు పట్టీ ఉంది. ముద్ర లేదు. దొరసాని గట్టిగా అరవబోతే బ్రైస్ చెయ్యెత్తాడు.

“అరవకండమ్మా. కొడుకుని కాపాడుకోవడానికి మీరే కోసి పారేశారంటారు. ఇంకో రుజువు కావాలి.”

మరిది మొర్గండ్ ఏటి ఒడ్డున దొరికాడు. ఇరవై రెండేళ్ళు ఐర్లండులో ఉండి, అన్నని పూడ్చిన రోజు సాయంత్రానికి చేరాడు. ఫెర్టెత్ పోతే కోట ఇతనిదే. అయినా మొహంలో దిగులు నటనలా లేదు.

“కడసారి చూపు కూడా దక్కలేదండీ” అన్నాడు.

“అన్నగారు మీకు గుర్తున్నారా?”

“మరిచిపోతానా? ఇక్కడే నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఏరు దాటించేవాడు. నేను ఆ ఎర్రగడ్డం గట్టిగా పట్టుకునేవాణ్ణి. ‘ఒరేయ్, కళ్ళెం కాదురా అది’ అనేవాడు.” అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాల్డునీకీ తిరిగాయి.

తిరిగి నడుస్తుంటే, “పాపం, పూజారి మీదే అనుమానంగా ఉంది నాకు. తాళంచెవి ఆయన గుళ్ళోనే కదండీ” అన్నాడు మాల్డునీ.

“మాల్డునీ, ఇవాళ నువ్వు ఏడ్చిందే మనకి రుజువు” అన్నాడు బ్రైస్. అంతకు మించి చెప్పలేదు.

మూడో రోజు న్యాయం చెప్పే గుట్ట మీద అందరూ చేరారు. దక్షిణాది వారసుడి అధికారి రాతి మీద కూర్చున్నాడు. పక్కన చేతులు కట్టేసిన ఫెర్టెత్ నిలబడ్డాడు. ఎర్రటి జుట్టు, గడ్డం ఇంకా సరిగా రాని మొహం.

“ముద్ర దొరగారిదే. నేను కాదనను” అని మొదలుపెట్టాడు బ్రైస్. “అయితే దాన్ని పాత పత్రం నుంచి తీసి, కాల్చిన కత్తితో వెనక చీల్చి, ఈ ఉత్తరం పట్టీకి అతికించారు.”

“ఊహ చెప్పకయ్యా. లోపల వెంట్రుకలున్నాయిగా?” అన్నాడు అధికారి.

“వాటినే సాక్ష్యం అడుగుదాం. ఫాదర్, పోయిన కోతలప్పుడు దొరగారి గడ్డం ఏ రంగు?”

“తెలుపు. నేను వచ్చిన నాటినుంచీ తెలుపే.”

బ్రైస్ దొరసాని దగ్గరికెళ్ళి గొంతు తగ్గించాడు. “అమ్మా, పగిలితే అతకదు. అచ్చు కూడా లేదు. ఏటి అవతలి ఇంటికీ తోటకీ ఈ మైనమే మీ హక్కు. ఆ తరవాత ఎవరన్నా పొమ్మంటే పోవాల్సిందే.”

“పగలగొట్టండి” అంది ఎత్నా.

సుత్తి ఒక్క దెబ్బకి మైనం విచ్చుకుంది. బయట మసిబారిన వెంట్రుకల రంగు లోపల చెక్కుచెదరలేదు. మూడూ ఎర్రగా మెరిశాయి.

“పద్దెనిమిదేళ్ళుగా ఈ రంగు ఆ గడ్డంలో లేదు. కనుక ఉత్తరం అబద్ధం” అన్నాడు బ్రైస్. “ఇక చేసిందెవరు? తాళంచెవి ఎవరైనా తీయొచ్చు. కానీ ఈ కోటలో మసలినవాళ్ళెవరూ తెల్లగడ్డం దొర పేర పెళ్ళినాటి ముద్ర వాడరు. దాంట్లో ఏ రంగు ఉంటుందో వాళ్ళకి గుర్తొస్తుంది. ఆ గడ్డం తెల్లబడ్డాక ఆయన్ని చూడనివాడే ఈ పొరపాటు చేస్తాడు. పెట్టె ఉన్న గదిలో పడుకుంటున్నవాడు. మొన్న ఏటి దగ్గర అన్నగారి ఎర్రగడ్డాన్ని తలుచుకుని నిజంగానే ఏడ్చినవాడు.”

మొర్గండ్ తప్పించుకోవాలని చూడలేదు. ఆ మూడు వెంట్రుకల వంకే చూస్తూ నిలబడ్డాడు.

“అన్నయ్య గడ్డం తెల్లబడుతుందని నాకు తోచనే లేదు వదినా” అన్నాడు.

“నా కొడుకు చస్తాడని తోచిందిగా!” అంది ఎత్నా. “ఆయన చివరిదాకా నీకోసం వీధివైపే చూశాడు. ఆ మనిషి బిడ్డనా?”

భటులు అతన్ని తీసుకుపోయారు. అధికారి సైగ చేస్తే ఫెర్టెత్ కట్లు విప్పారు. తల్లి పరుగెత్తుకెళ్ళి వాటేసుకుంటుందనుకున్నాడు మాల్డునీ. ఆమె ముందు రాతి దగ్గర మోకరిల్లి, గాలికి ఎగిరిపోకుండా మూడు వెంట్రుకలూ ఏరి అరచేతిలో పెట్టుకుంది. ఆ తరవాత కొడుకు దగ్గరికొచ్చి చెయ్యి చాపింది.

ఫెర్టెత్ వంగి చూశాడు. “ఇవి నిజంగా నాన్నవేనా అమ్మా?”

“మీ నాన్నవేరా” అంది. “మా పెళ్ళినాటికి ఆయన నీకంటే ఒక్క ఏడు పెద్ద.”