తాళమేసిన బంగ్లా ముందర డీజిల్ బండి

అశోక్‌నగర్‌ల బండి పెట్టుకునే జాగా దొరకదు. హాస్టల్ పిల్లల బైకులు, కోచింగ్ సార్ల కార్లు, టిఫిన్ బండ్లు... అన్నీ గల్లీలనే. అసొంటి గల్లీల ఒక్క జాగా మాత్రం ఏండ్ల సంది ఖాళీ. తాళమేసిన పాత బంగ్లా గేటు ముందర. గంత జాగా ఉత్తగనే ఖాళీగ ఉంటదా? ఏదో ఉన్నది కాబట్టే ఎవరూ పెడ్తలేరని అందరి నమ్మకం.

చీకటి పడ్డంక ఆ గేటు కాడ ఎవరో మూలుగుతరని ఇస్త్రీ కృష్ణయ్య చెప్పేటోడు. నువ్వు విన్నవా అంటే, విన్నోళ్లు చెప్పిన్రు అనేటోడు.

నేను కూడ చూడలే. బాలనాగమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్న. ఆమెది పాలమూరు దిక్కు. కుసుమమ్మ ఇంట్ల పని చేస్తది.

కుసుమమ్మ భర్త జగన్నాథరావు సారు రిటైరైనంక ఒక పాత డీజిల్ బండి కొన్నడు. లోపల మంచం, స్టవ్వు, చిన్న బాత్రూం... చక్రాల మీద ఇల్లే. సారుకు దయ్యాల పట్టింపు లేదు. బంగ్లా ముందరనే పెట్టిండు.

పట్టింపు కుసుమమ్మకున్నది. బండి ఒకసారి వేడెక్కి నల్లకుంట కాడ ఆగింది. ఇంకోసారి బర్కత్‌పురల పొగలు కక్కింది.

“ఆ గేటు ముందు పెట్టాకే దానికేదో పట్టిందండీ. రేపు శ్రీశైలం బయల్దేరేలోపు ఇంకొక్క అపశకునం కనబడిందా, నేనెక్కను. అమ్మేద్దురుగాని.”

సారు బండి తాళాలు జేబుల ఏసుకున్నడు. ఆ బండి అంటే ఆయనకు పానం.

ఆ సాయంత్రం వంటింట్ల ఇంకో పంచాయితి. పసుపు డబ్బ ఖాళీ.

“మొన్ననే నింపాను కదే. ఏం చేశావు?”

“నేనేం జేస్తనమ్మా, తాగుతనా?”

అన్నాలు తిన్నంక కరెంటు పోయింది. పొద్దున మర్చిపోతమని, ఆవకాయ జాడీ బండిల పెట్టి రమ్మని కుసుమమ్మ బాలనాగమ్మను పంపింది.

జాడీ చంకన పెట్టుకొని పోయింది. గల్లీ అంత చీకటి. గేటు దగ్గరపడంగనే...

స్స్స్...

ఆగింది. ఆ సప్పుడు మాత్రం ఆగలే. ఎవరో పండ్లు బిగబట్టి ఊపిరి ఇడుస్తున్నట్టు. ఎనకనే గుడగుడ... గొంతుల నీళ్లు అడ్డం పడ్డట్టు. బండి ముందట తెల్లగ ఏదో లేసింది. గేటు మీదికి ఒంగింది... మాయమైంది. మళ్ల లేసింది.

కాళ్లకు వెచ్చగ తగిలింది. ఫోన్ లైటు కిందికి కొట్టింది.

ఎర్రగ...

బండి కిందికెల్లి పారుకుంట వచ్చి, ఆమె కాళ్ల చుట్టు తిరిగి, మోరీల పడుతున్నది.

జాడీ పారేసి ఉరుకుదమనుకున్నది. దయ్యమన్న ఇడిసిపెడ్తదేమో గని, జాడీ పగిలితే కుసుమమ్మ ఇడిసిపెట్టదు. గట్టిగ పట్టుకొని నిలబడ్డది.

అప్పుడు బండి కిందికెల్లి గొంతు. సన్నగ... బొంగురుగ...

“కుసుమా... కోప్పడకు...”

“నేను కాదు... అమ్మ ఇంట్ల ఉన్నది. పిలుస్త” అన్నది బాలనాగమ్మ, దయ్యంతోని.

“వద్దు... పిలవకు బాలనాగమ్మా...”

పేరు గూడ ఎరుకే దానికి. ఇంక ఆమె ఆగలే, జాడీతోనే ఇంటికి ఉరికింది.

కుసుమమ్మ టార్చి పట్టుకొని, దేవున్ని తలుచుకుంట వచ్చింది. ఎర్రనీళ్లు చూసి ఆమె మొకం తెల్లబడ్డది. “చెప్పానా...” అని గొణిగింది. గని ముక్కుకు ఏదో వాసన తగిలింది. ఒంగి వేలు ముంచి వాసన చూసింది.

“ఏమండీ” అన్నది, చాన నిమ్మళంగ. “పసుపు డబ్బా ఏం చేశారు?”

బండి కింద ఏదో ఇనుప సామాను జారి పడ్డది.

“రేడియేటర్‌లో పోశాను.”

సారు బయటికి పాకిండు. కత మొత్తం చెప్పిండు. బోరునీళ్లు పోసి పోసి రేడియేటర్‌ల సున్నం పేరుకున్నదంట. అది కరగనీకె బట్టల సోడా నీళ్లు పోసిండంట. మంచినీళ్లతోని సోడా పోయేదాక కడుగుమని మెకానిక్ ఎంకయ్య చెప్తే, నల్లా బందైందని సారు ఒక్కసారికే ఇడిసిపెట్టిండు. సున్నం పోయినకాడ చిన్న చిల్లి బయటపడ్డది. పసుపు పోస్తే చిల్లి పూడుతదని ఎవరో డ్రైవరంటే, డబ్బ మొత్తం పోసి, ఇంజను నడిపి చూసిండు. అది మరిగింది. బంద్ చేసి కింద దూరేసరికి ఆవిరితోని అంతా కక్కింది.

సోడాల పసుపు పడితే ఏమైతదో ఆడోళ్లకు చెప్పాల్నా? సున్నంల పడ్డట్టే. దిష్టి తీసే ఎర్రనీళ్లు.

సారు తల వంచుకున్నడు. “మాటంటే మాటే. అమ్మకానికి పెడతాలే.”

కుసుమమ్మ బండి చుట్టు టార్చి తిప్పింది. ముందు చక్రాల నుంచి ఎనక చక్రాల దాక ఎర్రగ పారింది.

“ఎందుకండీ? దాని దిష్టి అదే తీసుకుంది. ఎంకయ్యను పిలిచి చిల్లి అతికించండి. సోడా అంతా పోయేదాకా కడిగించి, ఆ పచ్చని కూలెంటేదో పోయించండి. ఎల్లుండి వెళ్దాం.”

అట్లనే పోయిన్రు. ఘాట్ రోడ్డు ఎక్కినా బండి వేడి చూపే ముల్లు పైకి కదల్లేదంట.

వాళ్లు తిరిగొచ్చేదాక బంగ్లా ముందర జాగా ఖాళీగనే ఉన్నది. రోడ్డు మీద ఎర్ర మరక చూసి హాస్టల్ పిల్లలు బైకులు దూరంగ పెట్టుకున్నరు. మనిషి గొంతు గూడ విన్నరని కృష్ణయ్య అందరికీ చెప్పిండు.

చీపురు పట్టుకున్న బాలనాగమ్మతోని కుసుమమ్మ బండెక్కెటప్పుడే మెల్లగ అన్నదంట...

“ఆ మరక మాత్రం కడగకు.”