ఊపిరి తాళం

పొద్దు వాలేసరికి ఊపిరిళ్ల కాలనీలో మొగుడూ పెళ్లాలు విడిపోతారు. ఒకరి వాకిట్లో ఇద్దరూ అన్నం తిని, చేతులు కడుక్కుని, ఎవరింటికి వాళ్లు పడుకోవడానికి పోతారు. చంపావతి ఏటి ఒడ్డున ఆ కాలనీ వెలిసి ముప్పయ్యేళ్లయింది. అక్కడ దీన్నెవరూ వింతగా చూడరు.

ఆ ఇళ్లు కట్టినవి కావు, మొలిచినవి. ఊకలో పుట్టగొడుగు జాతి విత్తు కలిపి అచ్చుల్లో పోస్తే ఒక్క వానాకాలంలో గోడలు లేచేవి. శాస్త్రజ్ఞులు బయోవాల్ అన్నారు, జనం జీవగోడ అన్నారు. గాలిలో తేమా, మనిషి వదిలిన బొగ్గుపులుసు వాయువూ తాగి అది గట్టిపడుతుంది. సిమెంటు లేదు, ఇనుము లేదు. కూలి మనిషికి ఊరికే ఇచ్చేయొచ్చు.

ఇస్తే అమ్ముకు తినేస్తారని సభలో పెద్దలు అడ్డుపడ్డారు. సొంతమని రాసివ్వకపోతే అది ఇల్లెలా అవుతుందని ఇంకొందరు తగువులాడారు. చివరికి శాస్త్రజ్ఞులే దారి చూపించారు. ఊపిరి తాళం, వాళ్ల మాటలో బ్రెత్ లాక్. మొదట ఎవరు పడుకుంటే వాళ్ల ఊపిరినే గోడ గుర్తుపెట్టుకుంటుంది. ఆ మనిషి వరసగా కొన్ని రాత్రులు రాకపోతే ఎండి రాలిపోతుంది. ఎన్ని రాత్రులో చెప్పలేదు, అందుకే ఎవరూ ఒక్క రాత్రి కూడా తప్పరు. ఇక కొన్నవాడికి దక్కేది ఊకే.

గవిరేసు, బంగారి అప్పుడు కొత్తగా పెళ్లయినవాళ్లు. అందరిలాగే తెలివనుకుని చెరో పేరు రాయించి చెరో ఇల్లు తీసుకున్నారు. ఒకటి ఉండటానికి, ఒకటి పుట్టబోయే పిల్లలకి. ఇళ్లు కాలనీకి ఆ చివరొకటి, ఈ చివరొకటి వచ్చాయి. పిల్లలు కలగలేదు. "రాత్రుళ్లు ఇళ్లకి కాపలా కాస్తే పిల్లలెలా పుడతార్రా?" అని నవ్వినవాళ్ల బతుకూ అదే.

ఈ ఏడు బంగారికి గుండెనొప్పి వచ్చింది. నెలన్నర ఆసుపత్రిలో ఉంది. రాత్రిపూట పక్కన మనిషి ఉండాలి, నొప్పొస్తే నాలిక కింద మాత్ర పెట్టాలి అని చెప్పి పంపారు. తిరిగొచ్చి చూస్తే ఆమె ఇంటికి ఒక్క పెచ్చు కూడా ఊడలేదు. గవిరేసు గోడ తడిమాడు. చల్లగా, బతికే ఉంది.

ఇళ్ల తనిఖీకి వచ్చిన శాస్త్రజ్ఞురాలు శర్వాణిని ఆపి అడిగాడు. "ఇదెలాగమ్మా?"

ఆమె చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుంది.

"తాళం లేదు తాతా. చెయ్యాలని చూశారు, కుదర్లేదు. ఈ గోడకి ఎవరి ఊపిరైనా ఒకటే. ఏటిగాలి తగిలినా బతుకుతుంది."

"మరి సభలో సెప్పినది?"

"చెప్పకపోతే ఇళ్లు ఇచ్చేవాళ్లు కాదు. మా గురువుగారు పోయేముందు నాతో అన్నారు."

"ఇన్నాళ్లూ ఒక్కడూ కనిపెట్టనేదా?"

"సొంత ఇల్లు పణంగా పెట్టి ఎవరు చూస్తారు తాతా?"

ఆ సాయంత్రం గవిరేసు చాప తీసుకుని బంగారి ఇంటికి వెళ్లాడు.

"నానిక్కడే పడుకుంతానే."

"నీ ఇల్లో?"

"ఏటీ అవదంట. తాళం నేదంట. ఇళ్లు సూడ్డానికొచ్చిన డాక్టరమ్మ సెప్పింది."

"సెప్పింది, నువ్వు ఇనీసినావు! ఇల్లొగ్గించీసి, కాళీగా ఉందని లాగీసుకోడానికి."

"నీ ఇల్లు నిలబడే ఉంది కదే?"

"నాను కట్టిడిసిన సీర గోడకి కట్టి ఎల్లినాను. నా సెమట వాసనుంది దానికి."

"పోనీ నువ్వే మాయింటికి రా."

"రాను."

అతను చాప పరిచి మంచం పక్కన వాలాడు. బంగారి కునుకు తీసింది. ఆమె నిద్రలో ఊపిరి తీయడం ఎన్నో ఏళ్ల తర్వాత విన్నాడు. మధ్యమధ్య ఆగుతోంది, మళ్లీ అందుకుంటోంది. బయట జనం ఎవరిళ్లకి వాళ్లు పోతున్న అడుగుల చప్పుడు. తన గుమ్మం, తన గోడ కళ్ల ముందు మెదిలాయి. తాళం లేదని అతనికి తెలుసు. చెప్పిన మనిషి ముఖం చూశాడు, అది అబద్ధమాడే ముఖం కాదు.

అయినా లేచి చాప చుట్టాడు. మాత్ర ఆమె చేతికి అందేలా పెట్టాడు.

బంగారి కళ్లు తెరిచింది. "ఎల్తన్నావా?"

"ఊఁ."

"బేగెల్లు. ఇల్లు ఒక్కర్తీ ఉంతాది."

బంగారి కూడా ఒక్కర్తే ఉంటుందని ఇద్దరిలో ఎవరూ అనలేదు.