ఐదో రికార్డు రెండు వైపులు

ఉదయం పదీ అయిదుకి, రికార్డులు చెక్కే ఇంజనీరు జన్మలో తిప్పాల్సి వస్తుందనుకోని నంబరొకటి తిప్పాడు.

"నిన్న ఎనిమిదో రికార్డు చెక్కుతుంటే నా మిషన్ సూది కాలిపోయిందండీ. ఇంకో సూది వేసి ముగించి, రాత్రికి రాత్రే ఇచ్చేశాను. పొద్దున్న నా దగ్గరున్న టేపు పెట్టుకుని చూస్తే, అందులో మనిషి చెవికి అందని చప్పుడేదో ఉంది. సంగీతం కాదది. ఆగి ఆగి కొట్టుకుంటోంది. తంతి కొట్టినట్టు. ఇందులో చెయ్యి..."

అక్కడితో మాట ఆగింది. లైను మాత్రం తెగలేదు. పన్నెండు నిమిషాల్లో సీక్రెట్ సర్వీస్ మనుషులు తలుపు తోసుకు వెళ్ళేసరికి ఇంజనీరు బెంచీ మీద తల వాల్చి ఉన్నాడు. చెవి వెనక చిన్న రంధ్రం. పక్కగదిలో టైపు కొడుతున్న గుమస్తాకి చీమ చిటుక్కుమన్నట్టు కూడా వినపడలేదు.

పదీ నలభైకి చీఫ్ తన గది తలుపు గడియ పెట్టి ఏజెంటు వైపు తిరిగాడు. ఏజెంటుని డిపార్టుమెంటులో అందరూ పాముచెవి అంటారు. ఒక పేలుడులో ఎడమ చెవి పూర్తిగా పోయినా ఆ పేరు మాత్రం పోలేదు.

"రెండు ప్లగ్గులు అనే జంట పేరు విన్నావా?"

"ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేస్తారు. బావా, బావమరిదీ. ఏడు రికార్డులు వచ్చాయి. మా ఇంట్లో రెండున్నాయి సార్."

"మూడో రికార్డు విడుదలైన వారానికి సరిహద్దు అవతల మన మనిషి ఒకడు దొరికిపోయాడు. అయిదో రికార్డుకి ఇద్దరు. ఏడో రికార్డుకి ఇంకొకడు. ఇన్నాళ్ళూ మనం సంగీతం వైపు చూడనే లేదు. ఇక అవతల మిగిలింది పదకొండు మంది. ఎనిమిదో రికార్డుని ఇవాళ సాయంత్రం నాలుగింటికి రేడియోలో మొదటిసారి వేస్తున్నారు. అవతలి దేశంలో కూడా స్పష్టంగా వినిపిస్తుంది."

"రేడియో ఆపేస్తే సరిపోతుందిగా?"

"ఆపామంటే మనకి తెలిసిపోయిందని వాళ్ళకి అర్థమవుతుంది. ఇంకో దారిలో పంపేస్తారు. ఆ పదకొండు మందినీ రేపటికల్లా వెనక్కి రప్పిస్తున్నాను. అప్పటిదాకా శత్రువులు నిశ్చింతగా పాట వింటూ కూర్చోవాలి. పాట వెళ్ళాలి, పేర్లు వెళ్ళకూడదు."

"ఆ ఇంట్లో ఎవరి పని ఇది?"

చీఫ్ కాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అక్కడ మన మనిషి ఒకరున్నారు. బావగారి భార్య. బావమరిదికి సొంత అక్క. మూడేళ్ళుగా మనకి కబుర్లు అందిస్తోంది. వాళ్ళ ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకోసం పనిచేస్తోంది. తమ్ముడి మీదే అనుమానంగా ఉందని పోయిన నెలలో ఏడుస్తూ చెప్పింది."

"ఆ పదకొండు పేర్లు ఆవిడకి తెలుసా?"

"నేనే చెప్పాను. అభిమానుల్లా వచ్చి కలిసేవాళ్ళలో మనవాళ్ళెవరో తెలియాలిగా!"

చీఫ్ సొరుగులోంచి ఒక ఫౌంటెన్ పెన్ను తీసి ఇచ్చాడు. చెవికి అందనంత సన్నని చప్పుడు సోకితే చాలు, అది వేళ్ళ మధ్య వణుకుతుంది.

పన్నెండింటికి సంగీత పత్రిక తరఫున వచ్చిన వ్యాసకర్త ఒకడు ఆ ఇంటి గంట నొక్కాడు. ముతక కోటు, చంకలో కాగితాల కట్ట, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. రెండు ప్లగ్గుల రికార్డులన్నిటికీ తేదీలతో సహా పూర్తి జాబితా రాయడం అతని పని.

తలుపు తీసినావిడని చూసి కళ్ళజోడు సర్దుకోవడానికి అతను నటించాల్సిన అవసరం రాలేదు. ముదురాకుపచ్చ పట్టు, మెడ దాకా కత్తిరించిన జుట్టు, ఎదుటివాడి ప్రాణాన్ని అరచేతిలో పెట్టుకు చూస్తున్నట్టుండే చూపు.

"మోనో కాపీ ఏమైనా దొరుకుతుందా అండీ?" అన్నాడు.

"వానలో తడిసిపోయింది," అందామె, రెప్ప వెయ్యకుండా. కోడ్ సరిపోయింది. గొంతు తగ్గించి, "మా తమ్ముణ్ణి కనిపెట్టి ఉండండి. పొద్దున తొమ్మిదింటికి బయటికి వెళ్ళి పదకొండింటికి వచ్చాడు. ఎక్కడికిరా అంటే చెప్పడు," అంది.

"ఇంజనీరు సంగతి?"

"ఏమైందాయనకి?" ఆమె చెయ్యి గుండెల మీదికి వెళ్ళింది. తగినంత వేగంగానే వెళ్ళింది. రవ్వంత ఎక్కువ వేగంగా వెళ్ళిందేమో అని పాముచెవికి అనిపించింది. కానీ అనుమానం అతని వృత్తి. పాలవాణ్ణి కూడా అలాగే చూస్తాడు.

పై అంతస్తులో స్టూడియో. గోడల నిండా వైర్లు, మీటలు, మూతలు ఊడదీసిన పాత రేడియోలు. నేల మీద బాసింపట్టు వేసుకుని బావ ఏదో సర్క్యూట్‌కి టంకం పెడుతున్నాడు. నెరిసిన గడ్డం. మనిషి మాటలు పొదుపు. బావమరిది మాత్రం వచ్చినవాణ్ణి కూర్చోనిచ్చేలోపే నాలుగు కథలు చెప్పేశాడు.

"రాసుకోండి సార్! మొదటి రికార్డు 'గిన్నెల గది'. మా అక్క వంటింట్లోనే చేశాం. మూత పడిన చప్పుడు కూడా అందులో ఉంది. రెండోది 'లిఫ్ట్ ఆగింది'. నిజంగానే ఆగింది, బావ లోపల ఇరుక్కుపోయాడు. నేను బయట నిలబడి రికార్డు చేసుకున్నా!"

"తలుపు తియ్యరా అని అరిచాను," అన్నాడు బావ, తల ఎత్తకుండా. "అదే ఆ పాటకి పల్లవి."

"పొద్దున్నే బయటికి వెళ్ళారట?" పాముచెవి కాగితం మీంచి చూపు తియ్యకుండా అడిగాడు.

బావమరిది మొహంలో నవ్వు ఆరిపోయింది. "ఎవరు చెప్పారు?"

"మాటవరసకి అన్నాను."

"మాటవరసకి నా సంగతులెందుకు సార్, రికార్డుల సంగతి చూడండి."

గదిలో గాలి బిగుసుకుంది. పాముచెవి వినయంగా దగ్గి, ఒక్కొక్క రికార్డూ వేసి వినిపించమన్నాడు. మొదటి రెండింటికీ పెన్ను కదల్లేదు. మూడోది 'మెట్ల మీద వాన'. సూది ఆనగానే వేళ్ళ మధ్య పెన్ను పట్టుబడిన పురుగులా కొట్టుకుంది. నాలుగోదానికి మళ్ళీ నిశ్శబ్దం.

అయిదోది తీస్తుంటే బావమరిది లేచి, సిగరెట్టు కాల్చుకోవాలంటూ డాబా మీదికి వెళ్ళిపోయాడు. అట్ట మీద పేరు 'మాటల్లేవు'.

"ఇది చేసినప్పుడు మాకు నిజంగానే మాటల్లేవు," అన్నాడు బావ. "ఏడాది పాటు మొహాలు చూసుకోలేదు. మొదటి వైపు నేనొక్కణ్ణే ఇక్కడ చేశాను. రెండో వైపు వాడొక్కడే ఊరవతల గది తీసుకుని చేశాడు. జనానికి మాత్రం ఆ సంగతి తెలీదు. రాయకండి."

రికార్డు తిరిగింది. మొదటి వైపు పెన్ను వణికింది. తిప్పి వేశాడు. రెండో వైపూ వణికింది.

పాముచెవి లెక్క వేసుకున్నాడు. దొంగ బావమరిదే అయితే మొదటి వైపు వణకకూడదు. బావే అయితే రెండో వైపు వణకకూడదు. ఇద్దరూ కలిసే చేశారనుకుందామంటే ఆ ఏడాది వాళ్ళకి మొహాలు చూసుకునేంత పొత్తు కూడా లేదు. ఈయన మాట నమ్మాలా? నమ్మకపోతే నిజం తేల్చుకునే పొద్దు ఎక్కడుంది? అప్పటికే రెండున్నర.

లేచి వెళ్ళి పెన్నుని బావ చేతిలో పెట్టాడు. "పట్టుకోండి. మీ చెవికీ నా చెవికీ అందనిది దీనికి అందుతుంది."

బావ పట్టుకున్నాడు. వేలి కొసల్లో వణుకు తెలియగానే ఆయన చూపు స్పీకరు మీదికీ, మళ్ళీ పెన్ను మీదికీ పోయింది. జీవితమంతా చప్పుళ్ళతో గడిపినవాడు. విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు.

"ఇది మేం పెట్టింది కాదు."

"ఈ రెండు టేపులూ కలిపి ఇంజనీరుకి చేర్చిందెవరండీ?"

స్పీకర్లో పాట అయిపోయి సూది గరగరలాడింది. బావ దాన్ని ఎత్తలేదు.

"మా ఆవిడ," అన్నాడు చివరికి. "మూడో రికార్డు నుంచీ వ్యవహారమంతా తనదే. అప్పట్లో మా ఇద్దరి మధ్యా తిరిగి టేపులు మోసింది తనే. రాజీ చేసిందీ తనే."

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. బావ పెన్ను తిరిగి ఇచ్చేసి టంకం కడ్డీ అందుకున్నాడు. ఆయన మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాడు పాముచెవి. ఇరవై ఏళ్ళ కాపురం. ఈ మనిషి నాలుగింటికి ఎటువైపు ఉంటాడు?

"రేడియోకి టైమవుతోంది," అంది ఆమె గుమ్మంలోంచి. "మీరూ మాతోనే రండి. మా కార్లో చోటుంది."

ఆ తర్వాత ఆమె అతణ్ణి క్షణం కూడా వదల్లేదు. ఫోన్ చేసుకుంటానంటే "స్టేషన్లో చేసుకుందురు గాని" అంది. స్టేషన్లో ఫోన్ దగ్గరికి వెళ్ళబోతే దారికి అడ్డంగా నిలబడి అక్కడి అధికారికి పరిచయం చేసింది.

మూడూ యాభై ఏడు. అద్దానికి అవతల స్టూడియోలో బావా, బావమరిదీ. వాళ్ళ ముందు మైకు, పక్కన సొంత మిక్సరు, టర్న్‌టేబుల్ మీద ఎనిమిదో రికార్డు. తమ రికార్డు తామే వేస్తామని వాళ్ళ పట్టు. అద్దానికి ఇవతల చీకటి గదిలో పాముచెవీ, ఆమే.

పక్కటెముకల్లో ఏదో గట్టిగా ఆనింది. ఆమె హ్యాండ్‌బ్యాగు. దాని లోపల ఉన్నది లిప్‌స్టిక్ కాదు.

"అయిదో రికార్డు తిప్పి మరీ విన్నారు," అంది తియ్యగా. "ఇంజనీరుకి కూడా మీలాగే చెవులు ఎక్కువ."

"తమ్ముణ్ణి ఇరికించారే?"

"వాడు పొద్దున్న ఎవరో అమ్మాయికి పెళ్ళి మాట చెప్పడానికి వెళ్ళాడు. నాకు చెప్పడానికి సిగ్గు. ఎంత కలిసొచ్చిందో చూడండి."

"మీ ఆయన?"

"ఆయన నా మాట ఏనాడూ కాదనలేదు."

మూడూ యాభై తొమ్మిది. ఎర్ర దీపం వెలిగింది. అనౌన్సరు గొంతు మైనం పూసినట్టు పలికింది. బావమరిది మైకులో ఏదో జోకు వేశాడు. బావ సూది ఎత్తి రికార్డు అంచు మీదికి తెచ్చి ఆగాడు. తల ఎత్తి అద్దంలోంచి భార్య వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆమె నవ్వి, కానివ్వండి అన్నట్టు తలూపింది.

పాముచెవి జేబులో పెన్ను గుండె మీద ఆని ఉంది. ఊపిరి బిగబట్టాడు.

బావ కుడిచేత్తో సూది దించాడు. అదే క్షణంలో ఎడమచెయ్యి మిక్సరు మీదికి జారి, సన్నని చప్పుళ్ళని పెంచీ తగ్గించీ చేసే ట్రెబుల్ మీటని అడుగుకంటా తిప్పేసింది.

పాట మొదలైంది. బరువుగా, మొద్దుగా. పెన్ను కదల్లేదు.

"అదేంటి బావా?" బావమరిది గొంతు దేశమంతా వినిపించింది. "ట్రెబుల్ తీసేశావేం? పాట దుప్పటి కప్పుకున్నట్టుంది!"

"ఇలాగే ఉండనీ," అన్నాడు బావ.

ఆమె మొహంలో రంగు పోయింది. మరుక్షణమే మడమ మీద తిరిగి స్టూడియో తలుపు తోసింది. ఆమె ఎత్తు పాముచెవికి అర్థమైంది. మైకు ముందు ఒక్క తూటా పేలితే చాలు, అవతలివాళ్ళకి అదే హెచ్చరిక. తలుపు బెత్తెడు తెరుచుకునేలోపు ఆమె చెయ్యి ఒడిసిపట్టాడు. పిస్టలు బయటికి వచ్చింది, ఈసారి సైలెన్సరు లేకుండా. ట్రిగ్గరు నొక్కింది. పిస్టలు సుత్తి తూటా దాకా పోలేదు, మధ్యలో అతను దూర్చిన బొటనవేలి మీద పడింది. కళ్ళల్లోంచి నీళ్ళు ఉబికాయి గానీ మైకు తెరిచి ఉందని పళ్ళు బిగించాడు. కాలితో తలుపు మూశాడు.

"ఆయనకి ఎప్పుడు తెలిసింది?" అందామె నేల మీద కూలబడి. గొంతులో మొదటిసారి నటన లేదు.

"రెండున్నరకి."

"కార్లో నా పక్కనే కూర్చున్నాడు. చలేస్తోందా అని అడిగి అద్దం ఎత్తాడు."

రికార్డు రెండు వైపులూ తిరిగేదాకా బావ ఆ మీట మీంచి చెయ్యి తియ్యలేదు. దీపం ఆరేలోపు డిపార్టుమెంటు మనుషులు ఆమెని తీసుకెళ్ళిపోయారు. బావ బయటికి వచ్చి, ఆమె నిలబడ్డ చోటు కేసి చూసి, బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. "పద, నీకో సంగతి చెప్పాలి," అన్నాడు. ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళారు.

మర్నాడు మధ్యాహ్నానికి పదకొండో మనిషి కూడా విమానం దిగాడు. పాముచెవి బొటనవేలికి కట్టు కట్టించుకుంటుంటే చీఫ్ ఫోన్ చేశాడు. ఆ పదకొండు పేర్లూ ఆమెకి తనే చెప్పిన సంగతి ఆయనా గుర్తు చేసుకోలేదు, పాముచెవీ ఎత్తలేదు.

"ఇంతకీ ఆ ఎనిమిదో రికార్డు ఎలా ఉందయ్యా?"

పాముచెవి నిజాయితీగా ఆలోచించాడు.

"మొదటి వైపు బ్రహ్మాండం సార్. రెండో వైపే కాస్త సాగదీశారు."