రెండు ముక్కల తాబేలు

తాబేలు వీపు కలవలేదు.

ఒమన్‌లోని రుసైల్ ఫ్యాక్టరీల దగ్గరున్న స్కూలు ప్రహరీ మీద, ఎడమన తోక నుంచి షిఫా జట్టు, కుడిన తల నుంచి ఓంకార్ జట్టు వారం రోజులుగా బొమ్మ వేసుకుంటూ వచ్చాయి. గురువారం మధ్యాహ్నం గోడ నడుమ కలుసుకున్నాయి. చూస్తే, తల ఉన్న సగం కంటే తోక ఉన్న సగం జానెడు కిందికి ఉంది!

అందరి చేతుల్లో బ్రష్‌లు ఆగిపోయాయి.

అది మామూలు బొమ్మ కాదు. మెక్సికో కొండల్లో ఉండే హుయిచోల్ జనం మైనం పూసిన చెక్క మీద రంగురంగుల పూసలు ఒత్తి బొమ్మలు చేస్తారు. ఎక్కడా గోరంత ఖాళీ వదలరు. "పద్ధతి వాళ్ల దగ్గర నేర్చుకుందాం. బొమ్మ మాత్రం మన ఒమన్ సముద్రపు తాబేలు," అన్నారు డ్రాయింగ్ టీచర్ మల్లీశ్వరి. గోడ కాబట్టి పూసలకు బదులు రంగు చుక్కలు పెట్టారు. చిన్న కాగితం మీది బొమ్మను గళ్లు లెక్కపెట్టి గోడ మీదికి ఎక్కించారు. రోడ్డున పోయే బస్సుల్లోంచి కూడా కనిపించేంత పెద్ద తాబేలు అది.

"గళ్లు ఎవరు తప్పు లెక్కపెట్టారు?" టీచర్ అడిగారు. "పరంజా తీసుకెళ్లడానికి నాలుగింటికి లారీ వస్తుంది. ఈలోపు ఒక సగం చెరిపి, పై భాగమైనా మళ్లీ వేయాలి."

"ఓంకారే అయ్యుంటాడు టీచర్! వాడికి అన్నిట్లో తొందరే," అన్నారెవరో. కొందరు నవ్వారు.

షిఫా తన గళ్ల కాగితం చూసుకుంది. గోడ అడుగున ఉన్న సిమెంటు పట్టీ వదిలేసి, దాని పైనుంచి లెక్కపెట్టమన్నారు టీచర్. తను నేల నుంచి లెక్కపెట్టింది!

కాగితాన్ని గుప్పిట్లో నలిపేసింది. చెబితే జట్టులో ఐదుగురు ఎండలో పెట్టిన చుక్కలన్నీ పోతాయి. అందరూ తనకేసే చూస్తారు.

ఓంకార్ కాగితం మీద వేలు పెట్టి మళ్లీ మళ్లీ లెక్కపెట్టాడు.

"మాది కరెక్టే ఉన్నట్టుంది టీచర్..." అని, చుట్టూ ఉన్న మొహాలు చూసి తల దించుకున్నాడు. "ఏమో. నేనే తప్పిన్నేమో. చెరిపేస్త."

తెల్లరంగు రోలర్ పట్టుకుని పరంజా మొదటి మెట్టు ఎక్కాడు. రోలర్ తాబేలు కంటి దాకా లేచింది.

"ఆగు ఓంకార్!" షిఫా అరిచింది. "తప్పు నాది టీచర్. నేను నేల నుంచి లెక్కపెట్టినాను. ఇందాకే తెలిసింది. భయమేసి చెప్పలేదు."

నలిగిన కాగితం విప్పి చూపింది.

"అయితే మన చుక్కలన్నీ పోతాయా?" అంది జట్టులోని సంగీత. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పోతాయి. సారీ సంగీతా."

సంగీత మొహం పక్కకు తిప్పుకుంది.

టీచర్ టైమ్ చూశారు. "ఇంకా రెండు గంటల టైముంది. ఎండకు రంగు తొందరగా ఆరుతుంది. పైన ఇవాళ వేద్దాం. కింది చుక్కలు శుక్ర, శని సెలవులయ్యాక ఆదివారం నేల మీద నిలబడి పెట్టుకోవచ్చు."

షిఫా ఓంకార్ దగ్గరికి వెళ్లి చెయ్యి చాచింది. "ఇటియ్యి."

రోలర్ తీసుకుని, తను పెట్టిన ఎర్ర చుక్కల మీద తనే తెల్లరంగు పూసింది. ఆరాక సుద్దముక్క అందుకుంది.

"ఓంకార్, నేను గట్టిగా లెక్కపెడతా. తప్పితే ఆపు."

"సరే. షురూ చెయ్," అన్నాడు వాడు.

షిఫా సిమెంటు పట్టీ పై అంచున సుద్దముక్క ఆనించి, అందరికీ వినబడేలా "ఒకటి!" అంది.