ప్రేమలత మోసిన తూటాలు

యేసురత్నం ఇంట్లో షూటింగ్ రేంజికి బయలుదేరే పొద్దు అంటే పెళ్ళికి పోతున్నంత హడావుడి, పరీక్షకు పోతున్నంత భయం. ఆదోనిలో వాళ్ళది రెండు గదుల ఇల్లు. ఆ ఆదివారం పొయ్యి మీద చిత్రాన్నం పోపు చిటపటలాడుతుంటే, పక్క గదిలో మంచం మీద దుప్పటి పరిచి, యేసురత్నం కూతురి రైఫిల్ని పెట్టెలో సర్దుతున్నాడు.

సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చిన మనిషి. గొట్టం ఖాళీగా ఉందని మూడుసార్లు చూసుకున్నాడు. బోల్టు ఊడదీసి వేరే గుడ్డలో చుట్టాడు. పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకున్నాడు. లైసెన్సు పుస్తకం చొక్కా లోపలి జేబులో ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. దాని పక్కనే ఇంకో కాగితం. పంచాయతీ ఎన్నికలు వచ్చాయి కదా, లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలని ఉత్తర్వు. ఆటగాళ్ళకు మాత్రం మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు కాగితం కోసం పదిహేను రోజులు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు.

కూతురు సంతోషికి ఇరవై ఏళ్ళు. ఇరవై ఒకటి నిండితే గాని సొంత లైసెన్సు రాదు. అందుకే రైఫిల్ తండ్రి పేరు మీద ఉంది. తండ్రి వెంట లేకుండా ఆ పెట్టె గడప దాటడానికి లేదు. ఈ ఏడాదితో ఆమెకు జూనియర్ల వయసు అయిపోతుంది. ఈ పొద్దు కర్నూలు దగ్గరి రేంజిలో రాష్ట్ర షూటింగ్ జట్టుకు ఎంపిక పోటీ. పదకొండు గంటలకల్లా అక్కడ ఉండాలి. ఇది దాటితే జూనియర్లలో మళ్ళీ అవకాశం లేదు.

భార్య ప్రేమలత చిత్రాన్నం డబ్బాలో పెట్టి సంచి సర్దుకుంటుంటే, యేసురత్నం ఒక రేకు పెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అందులో తూటాలు.

"ఏమ్మే, దీన్ని నీ సంచిలో పెట్టుకో."

"ఈ దినమన్నా నువ్వే పెట్టుకోరాదా? ఎలెక్షన్లప్పా. రోడ్ల మీద సంచులన్నీ ఇప్పించి సూస్తాండారంట."

"సూస్తే సూడనీ. మనమేమన్నా దొంగలమా? నీకెన్నిసార్లు సెప్పల్ల? తుపాకి ఒకరి చేతిలో ఉంటే రౌండ్లు ఇంగొకరి చేతిలో ఉండల్ల. అదే సేఫ్టీ. ఇరవై ఏండ్లు పటాలంలో ఉంటి, నాకు తెలీదా?"

ప్రేమలత ఆ పెట్టెను సంచిలో డబ్బా కింద పెట్టుకుంది. ఆ ఇంట్లో 'పటాలం' అన్న మాట వచ్చాక ఇక ఎవరూ ఏమీ అనరు. పటాలంలో తుపాకులకొక గది, తూటాలకొక గది, రెంటికీ వేరువేరు మనుషులు కాపలా ఉంటారట. నిజమే. అక్కడ ఆ మనుషులందరూ సర్కారు మనుషులే అన్న సంగతి మాత్రం మన హవల్దారు మరిచిపోయి, ఆ పద్ధతిని అంగన్వాడీలో ఆయాగా చేసే పెళ్ళాం మీదికి తెచ్చాడు. అసలు రూలు తెలియనివాడు ఎవరినైనా అడిగి తెలుసుకుంటాడు. సగం తెలిసినవాడు అడగనే అడగడు.

బస్సు కిక్కిరిసి ఉంది. ఆడవాళ్ళకు టికెట్టు లేదు కాబట్టి ముందు భాగమంతా వాళ్ళే. తల్లీకూతుళ్ళకు ముందర సీటు దొరికింది. రైఫిల్ పెట్టెను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని యేసురత్నం వెనక వరసలో కూర్చున్నాడు. సంతోషి కళ్ళు మూసుకుని ఊపిరి లెక్క సాధన చేస్తోంది. పక్కన తల్లి పెదవులు కదులుతున్నాయి. చర్చిలో ఆదివారం ఆరాధన మానుకుని వచ్చి చేసుకుంటున్న ప్రార్థన అది.

ఎమ్మిగనూరు దాటాక బస్సు ఆగింది. రోడ్డుకు అడ్డంగా డ్రమ్ములు. ఖాకీ బట్టల వాళ్ళు ఎక్కారు. ఓటర్లకు పంచే డబ్బు, మందు సీసాల కోసం వెతుకులాట. ఒక మహిళా కానిస్టేబుల్ ముందునుంచి సంచులు తడుముతూ వస్తోంది. ప్రేమలత సంచిని రెండు చేతులతో పొట్టకేసి అదుముకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ అదుముకోవడమే ఆమెను పట్టించింది.

"ఏముందక్కా అందులో? ఇప్పు."

"సద్దిమ్మా."

చిత్రాన్నం డబ్బా కింద రేకు పెట్టె దొరికింది. మూత తీయగానే బస్సులో మాటలు ఆగిపోయాయి. పక్క సీటు ముసలమ్మ లేచి దూరంగా జరిగింది.

"మేడమ్! అవి నావి! లైసెన్సు ఉంది!" వెనకనుంచి యేసురత్నం జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

కింద జీపు దగ్గర ఎస్సై రేణుక నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. లైసెన్సు పుస్తకం ప్రతి పేజీ చూసింది. మినహాయింపు కాగితం రెండుసార్లు చదివింది. పెట్టె తాళం తీయించి రైఫిల్ చూసింది. ఎక్కడా తప్పు లేదు. యేసురత్నం ఛాతీ కొంచెం లేచింది.

"అన్నీ కరెక్టుగా ఉన్నాయి. బాగా జాగ్రత్తగా పెట్టుకున్నారు," అంది ఆమె. "మరి తూటాలు ఆమె సంచిలోకి ఎట్ల పోయినాయి?"

"సేఫ్టీకి మేడమ్. రెండూ ఒక్క చోట పెట్టగూడదు గదా."

"వేరువేరు పెట్టెల్లో పెట్టుకోమన్నారు సార్, వేరువేరు మనుషుల దగ్గర కాదు. రెండూ మీ దగ్గరే ఉండాల. ఈ లైసెన్సులో ఆమె పేరు యాడన్నా ఉందా?"

యేసురత్నం ఆమె చేతిలోని పుస్తకంలో తన ఒక్కడి పేరే ఉన్న పేజీ వైపు చూశాడు.

"లైసెన్సు లేని మనిషి దగ్గర తూటాలు దొరికినాయి. అదీ ఎలెక్షన్ కోడ్‌లో. బస్సులో అందరూ చూసినారు. నేను చూడనట్టు వదిలేయలేను. స్టేషన్‌కు రండి."

బస్సు వాళ్ళను దింపేసి వెళ్ళిపోయింది.

స్టేషన్ వరండాలో బల్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. రేణుక తెల్లకాగితం, పెన్ను ఇచ్చి, "తూటాలు ఆమె దగ్గర ఎవరు పెట్టినారు, ఎందుకు పెట్టినారు, ఉన్నదున్నట్టు రాసివ్వండి. పైవాళ్ళకు పంపిస్తా," అని లోపలికి వెళ్ళింది. గోడ గడియారం తొమ్మిది దాటింది. ఇప్పుడు బయలుదేరినా పదకొండుకు అందుకోవచ్చు. ముగ్గురూ ఆ గడియారం వైపే చూస్తున్నారు.

మద్దిలేటి అనే హెడ్ కానిస్టేబుల్ నీళ్ళ సీసా తెచ్చిచ్చి, పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

"అన్నా, నేనుగూడ పిల్లల తండ్రినే, సెప్తాండా. నువ్వే ఇచ్చినావని రాస్తే నీ లైసెన్సు పోతాది, తుపాకి ఈడే ఉండిపోతాది. పాప ఆట అయిపోయినట్లే. అక్క పొరపాటున తన సంచిలో ఏసుకున్యాదని రాసినావనుకో, నీకు సంబంధం లేదు. నువ్వూ పాపా తుపాకి తీస్కోని పోవచ్చు. రేంజిలో రౌండ్లు ఎవరన్నా ఇస్తారు."

"మరి ఆమెకు?"

మద్దిలేటి నేల వైపు చూశాడు. "కేసు ఐతాది. తర్వాత సూసుకుందాంలే."

ప్రేమలత వెంటనే అంది. "అట్లే రాయప్పా. నేనే తెలీక పెట్టుకున్యా. నా పేరే రాయి."

"నీ ఉద్యోగం?" అన్నాడు యేసురత్నం.

"పోతే పోతాది. పసిపిల్లోళ్ళకు ముక్కులు తుడిచే ఉద్యోగమే గదా. రాయి, టైమైతాంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. యేసురత్నం పెన్ను తీసుకున్నాడు. గడియారం వైపు ఒకసారి, భార్య వైపు ఒకసారి చూశాడు. ఆ తర్వాత రాశాడు. 'నా భార్య ప్రేమలత, నాకు తెలియకుండా...'

అంతవరకూ సంతోషి చూసింది. ఇక చూడలేకపోయింది.

"నాయనా! ఏం రాస్తాండావ్?"

"నీ కోసమే పాపా..."

"నాకోసమా? పొద్దున ఆమె వద్దంటే నువ్వు కాదా పెట్టించింది? మూడేండ్లుగా ప్రతిసారీ నువ్వు కాదా పెట్టించింది? తుపాకీకి తాళమేసినావు, బోల్టుకు గుడ్డ సుట్టినావు. అమ్మకేమైతాదో ఒక్కసారన్నా అనుకున్యావా?"

"గట్టిగా మాట్లాడొద్దు సంతోషీ, స్టేషను," అంది తల్లి.

"నువ్వుండుమా! నీకు మాత్రం నోరు లేదా? నాయనతో ఎందుకు కొట్లాడవు నువ్వు?"

ప్రేమలత చాలా మామూలుగా, కూరలో ఉప్పు గురించి చెబుతున్నట్టు చెప్పింది.

"భయమయ్యేది పాపా. బస్సు గుంతలో పడినప్పుడల్లా పేలుతాయేమోనని ప్రాణం జల్లుమనేది. సంచి కింద పెడితే ఎవురన్నా తొక్కుతారని ఒళ్ళోనే పెట్టుకుంటాంటి. పేలితే నాకే కానీలే, పక్కన నీకేం కాగూడదని ఈ పక్కకు తిరిగి కూసుంటాంటి. మీ నాయనకు సెప్తే నవ్వుతాడని సెప్పలేదు."

యేసురత్నం తలెత్తి భార్య వైపు చూశాడు. ఆ తూటాలు ఊరికే పేలవని, సంచిలో ఎంత కుదిపినా ఏమీ కాదని అతనికి పాతికేళ్ళుగా తెలుసు. ఆ ఒక్క మాట భార్యకు చెప్పాలని మాత్రం ఎన్నడూ తోచలేదు. మూడేళ్ళుగా ఆమె ప్రతి ప్రయాణమూ చావును ఒళ్ళో పెట్టుకుని చేసింది. రేంజిలో కూతురికి పాయింట్లు వచ్చినప్పుడల్లా అతను చప్పట్లు కొట్టాడు. ఆమె చెట్టు కింద కూర్చుని, తిరుగు ప్రయాణం తలచుకుని భయపడుతూ ఉండి ఉంటుంది.

అతను కాగితాన్ని నాలుగు ముక్కలుగా చింపాడు.

"పిచ్చోడా! ఏం పని చేసినావప్పా?" ప్రేమలత అతని చెయ్యి పట్టుకుంది. "పాప మూడేండ్ల కష్టం! రాయి, నా మాట ఇను!"

"నీ మాట ఇననందుకే గదమ్మే ఇంత దూరం వచ్చింది," అన్నాడు. లేచి లోపలికి వెళ్ళాడు. రేణుక దగ్గర ఇంకో కాగితం అడిగి, నిలబడే రాశాడు. నేనే ఇచ్చాను. వద్దన్నా ఇచ్చాను. ఆమెకు ఏ పాపం తెలియదు. కింద సంతకం, పాత రెజిమెంటు నంబరు.

రేణుక కాగితం చదివి బల్ల మీద పెట్టింది. "ఇది ఇచ్చినాక లైసెన్సు, రైఫిల్ నేను స్వాధీనం చేసుకోవాల్సి వస్తాది. ఎన్ని నెలలకు తిరిగొస్తాదో, అసలొస్తాదో రాదో నేను చెప్పలేను. మీ ఆవిడ మీద కేసు లేకుండా నేను చేయగలిగినంత రాస్తాను. అది కూడా నా చేతిలో లేదు."

"తెలుసు మేడమ్."

మెడలోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. సంతోషి గుమ్మంలో నిలబడి, పెట్టెకు లక్క ముద్ర వేయడం చూసింది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. ఏడ్చింది ప్రేమలతే. ఆడపిల్లకు తుపాకి ఎందుకని మొదటి రోజు అన్నం మానేసిన ప్రేమలత, ప్రతి ఆదివారం ఈ ఆట ఆగిపోతే బాగుండునని లోలోపల మొక్కుకున్న ప్రేమలత, వరండా స్తంభానికి తల ఆనించి, "నా బిడ్డ ఆట పాయె దేవుడా, నా సంచి వల్లనే పాయె," అని వెక్కివెక్కి ఏడ్చింది.

సంతోషి వచ్చి తల్లిని గట్టిగా పట్టుకుంది. "నీ వల్ల కాదుమా. నీ వల్ల ఏమీ కాదు." అప్పుడు ఆమెకూ కన్నీళ్ళాగలేదు.

పదకొండైంది. రేంజిలో ఇప్పుడు పేర్లు పిలుస్తుంటారు. ముగ్గురూ స్టేషన్ ముందు రోడ్డు పక్కన నిలబడ్డారు. ఇంటికి పోవాలా, తెలిసిన వకీలు ఎవరైనా ఉంటే ఎమ్మిగనూరుకు పోవాలా, పైవాళ్ళ జవాబు కోసం సోమవారం దాకా ఇక్కడే ఎదురుచూడాలా, ఏదీ తేలడం లేదు. బస్సు ఒకటి వచ్చి ఆగింది, ఎవరూ ఎక్కలేదని వెళ్ళిపోయింది.

యేసురత్నం భార్య వైపు తిరిగాడు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ అనని మాట అన్నాడు.

"ప్రేమలతా, నాకేం తోచడంలే. నువ్వు సెప్పు, ఏం చేద్దాం?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని అతని వైపు చూసింది. అతని కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"నాకు మాత్రం ఏం తెలుసప్పా," అంది మెల్లగా. "తెలీకపోతే పోనీలే. ముగ్గురం ఈడనే ఉండాం గదా."